సంఘం ఆఫీసుకు పెద్ద బల్ల: కొనాలా, చేయించాలా?

తెలుగు రాష్ట్రాల బయట ఉన్న మన సంఘాల్లో చాలావాటికి ఉన్నది ఒకే గది. అదీ అద్దెది. పొద్దుటిపూట ఆ గదిలోనే పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపుతారు. సాయంత్రం అక్కడే అక్షరాలు దిద్దిస్తారు. ఆదివారం కార్యవర్గ సమావేశం. ఉగాదికి ముందు పదిహేను రోజులు కరపత్రాలు మడతపెట్టే పని. ఇన్ని పనులకూ అక్కడ ఉండేవి ఎవరెవరో ఇచ్చిన నాలుగు చిన్న టేబుళ్లు. నాలుగూ నాలుగు ఎత్తులు. వాటిని జతచేసి వేస్తే సందులో పెన్ను జారిపోతుంది, ఎత్తు తేడా ఉన్నచోట కాగితం మీద రాత సాగదు.

ఎనిమిది మంది చుట్టూ కూర్చుని పని చేసుకునే ఒక పెద్ద బల్ల ఉంటే ఆ గది వాడకమే మారుతుంది. అయితే అంత బల్ల షోరూములో అడిగితే చెప్పే ధర చిన్న సంఘాలకు అందేది కాదు. తక్కువలో దొరికేది ఎక్కువ కాలం నిలవదు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నేను కోశాధికారిగా ఉన్న సంఘంలో మొదట ఒక రెడీమేడ్ సమావేశపు బల్ల కొన్నాం. పైకి టేకులా కనిపించింది, లోపల పార్టికల్ బోర్డు. రెండు వానాకాలాలు గడిచేసరికి అంచులు ఉబ్బాయి. ఇంటాయన గది ఖాళీ చేయమంటే విప్పి, కొత్త గదిలో మళ్లీ బిగించబోయాం. స్క్రూలు పట్టలేదు, రంధ్రాలు పొడిపొడిగా రాలిపోయాయి. చందాలతో కొన్న వస్తువు మూడేళ్లు కూడా నిలవలేదేమని సర్వసభ్య సమావేశంలో అడిగారు. సమాధానం చెప్పుకోవాల్సింది నేనే. ఆ తర్వాత చేయించిన బల్ల రెండు గదులు మారి ఇంకా గట్టిగానే ఉంది. కింద రాసిందంతా ఆ రెండు బల్లల మధ్య నేర్చుకున్నదీ, వడ్రంగుల దగ్గర, వెల్డింగు షాపుల దగ్గర అడిగి తెలుసుకున్నదీ.

ముందు టేపు తీయండి

బల్ల కొలత తేల్చాల్సింది గది. కూర్చున్న మనిషి కుర్చీ వెనక్కి జరిపి లేవాలన్నా, ఆయన వెనకనుంచి మరొకరు వెళ్లాలన్నా బల్ల అంచు నుంచి గోడకు 3 అడుగులు కావాలి. అంటే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న బల్ల చుట్టూ అందరూ తిరగాలంటే 14 అడుగులకు 10 అడుగుల గది ఉండాలి. మన గదులు చాలావరకు 12కు 10 ఉంటాయి. అలాంటి చోట బల్ల ఒక చివరను గోడవైపు జరిపి వేయండి. ఒక కుర్చీ పోతుంది, ఏడుగురు హాయిగా కూర్చుంటారు. ఆ గోడవైపు చివర ప్రింటరుకు సరిగ్గా సరిపోతుంది.

మనిషికి ఎంత చోటు? రాసుకోవడానికైతే 2 అడుగులు చాలు. లాప్‌టాపూ, పక్కన ఫైలూ పెట్టుకోవాలంటే 2.5 అడుగులు. కాబట్టి 8 అడుగుల వైపున పిల్లలైతే నలుగురు, పెద్దవాళ్లయితే ముగ్గురు. ఎదురెదురుగా కూర్చునే బల్లకు 4 అడుగుల వెడల్పు మంచిది. 3 అడుగులు ఉన్నా సర్దుకోవచ్చు గాని ఇద్దరి లాప్‌టాపులు మధ్యలో తగులుతూ ఉంటాయి.

ఎత్తు 75 సెంటీమీటర్లు, అంటే 2.5 అడుగులు. సీటు ఎత్తు 45 సెంటీమీటర్లు ఉన్న మామూలు ప్లాస్టిక్ కుర్చీకి ఇది సరిగ్గా సరిపోతుంది. వంటింటి గట్టు ఎత్తు కాదు, టీపాయి ఎత్తూ కాదు. ఈ మాట చెప్పకుండా వదిలేస్తే వెల్డింగు షాపువాళ్లు కాళ్లనే 2.5 అడుగులు కోస్తారు. పైన పలక మందం కలిసి, బల్ల అంగుళం దాకా ఎత్తు పెరుగుతుంది. పిల్లల మోచేతులకు ఆ అంగుళమే ఇబ్బంది. ఇంకో సంగతి: పలక కింద వచ్చే చట్రం లోతు ఎక్కువైతే మోకాళ్లు తగులుతాయి. నేల నుంచి చట్రం అడుగుభాగానికి 65 సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి.

కొనే దారులు

కొత్తది కొనేముందు పాతది వెతకడం మేలు. కంపెనీలు ఆఫీసులు మార్చినప్పుడు, ట్యూషన్ సెంటర్లు మూసినప్పుడు పెద్ద బల్లలు పాత ఫర్నిచర్ కొట్లకు వస్తాయి. అవి ఇళ్లలో పట్టవు కాబట్టి కొనేవాళ్లు తక్కువ, బేరానికి వీలు ఎక్కువ. ముంబయిలో ఉన్నవారికి జోగేశ్వరి, ఓషివారా వైపు పాత ఫర్నిచర్ బజారు తెలిసిందే. తమిళనాట కారైకుడిలో చెట్టినాడు ఇళ్లనుంచి వచ్చిన పాత తలుపులు, బల్లలు అమ్ముతారు. అక్కడ పాతకాలపు వస్తువుల మోజుతో వచ్చేవారి కోసం ధరలు పెరిగాయి గనక చెక్కిన తలుపుల జోలికి పోకుండా సాదా పలకలు అడగండి.

పాత బల్ల దగ్గర చేయాల్సిన పరీక్ష ఒక్కటే. కింద వంగి చూడండి. పైన మెరుపు అబద్ధం చెప్పవచ్చు, అడుగు చెప్పదు. అంచు పట్టీ ఊడినచోట లోపల రంపపు పొట్టు ఒత్తినట్టు కనిపిస్తే పార్టికల్ బోర్డు. అట్టలాగా నున్నగా, గోధుమరంగులో ఉంటే ఎండీఎఫ్. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. కాళ్ల దగ్గర సన్నని చెక్కపొడి రాలి ఉంటే పురుగు ఉన్నట్టు. ఆ బల్ల ఉచితంగా ఇచ్చినా వద్దు. అది మీ పుస్తకాల బీరువాకు కూడా పాకుతుంది.

సప్లయి కంపెనీల దగ్గర, అంటే షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వాళ్ల దగ్గర, ఇనుప మడత కాళ్లున్న 6 అడుగుల బల్లలు ఉంటాయి. పెళ్లిళ్ల సీజను అయ్యాక పాత సరుకు అమ్మేస్తుంటారు. అలాంటివి రెండు పక్కపక్కన వేసుకుని ఏళ్ల తరబడి నడిపిన సంఘాలు ఉన్నాయి. తెల్లటి ప్లాస్టిక్ మడత బల్లలూ ఇదే కొలతలో వస్తాయి. తేలిక, నీటికి భయం లేదు. కానీ వాటి మీద మోచేతులు ఆనించి రాస్తే ఊగుతాయి, బరువైన పుస్తకాలు ఎక్కువకాలం ఉంచితే మధ్యలో కుంగుతాయి. వైద్య శిబిరం రోజున వాడుకోవడానికి సరే, రోజూ పనికి చాలవు.

ఫర్నిచర్ షాపులో కొత్తది కొంటే ఒకే ప్రశ్న వేయండి: ‘లోపల ఏముంది?’ ‘ఇంజనీర్డ్ వుడ్’ అంటే సమాధానం కాదు. పార్టికల్ బోర్డునూ, ఎండీఎఫ్‌నూ కూడా ఆ పేరుతోనే అమ్ముతారు.

నీళ్లు వచ్చే ఊళ్లు

మనవాళ్లు స్థిరపడిన ఊళ్లలో చాలా చోట్ల ఇది ఊహించుకునే ప్రమాదం కాదు. యానాంలో 2022 జూలైలో గోదావరి వరద వీధుల్లోకి వచ్చింది. చెన్నైలో 2015 డిసెంబరులో గ్రౌండ్ ఫ్లోరు ఆఫీసులు ఎన్ని మునిగాయో అక్కడివారికి గుర్తే. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం అతలాకుతలమైంది. ఒక్క రోజు నీళ్లలో నానితే పార్టికల్ బోర్డు, మామూలు ఎండీఎఫ్ ఉబ్బిపోతాయి, ఆరినా మళ్లీ పూర్వపు ఆకారానికి రావు. మంచి ప్లైవుడ్, గట్టి కలప కడిగి నీడన ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి.

అందుకని ప్లైవుడ్ కొనేటప్పుడు దానిమీద వేసిన ముద్ర చదవాలి. ఐఎస్ 303 అనేది మామూలు అవసరాల ప్లైవుడ్‌కు సంబంధించిన ప్రమాణం. కొట్లలో ‘కమర్షియల్’ అని అమ్మే ఎంఆర్ రకం దీని కిందకే వస్తుంది. అది చెమ్మను కొంత తట్టుకుంటుంది, నానడాన్ని తట్టుకోదు. ఐఎస్ 710 అనేది మెరైన్ ప్లైవుడ్. దాని జిగురు మరిగే నీళ్లకూ ఊడకూడదు, ప్రమాణం ప్రకారం 72 గంటలు ఉడికించి పరీక్షిస్తారు. పై అంతస్తు గది, పొడి ఊరు అయితే (బళ్లారి, షోలాపూర్ లాంటివి) ఎంఆర్ చాలు, అనవసరంగా ఖర్చు పెట్టకండి. గ్రౌండ్ ఫ్లోరు అయినా, తీరప్రాంతం అయినా మెరైన్ తీసుకోండి. బల్ల ఖర్చులో ఆ తేడా ఒక్కసారే.

ముద్ర ఉన్నంతమాత్రాన నమ్మనక్కర్లేదు. ఐఎస్ఐ గుర్తు పక్కన లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. షీటు అంచు చూడండి, పొరల మధ్య ఖాళీలు కనిపించకూడదు. నాణెంతో అక్కడక్కడా తట్టండి, లోపల బోలుగా ఉన్నచోట శబ్దం మారుతుంది. కొట్టువాడు తుంట ఒకటి ఇస్తే ఇంట్లో రెండు మూడు గంటలు ఉడికించి చూడండి. పొరలు విడిపోతే అది మెరైన్ కాదు. ఇది మా వడ్రంగి చెప్పిన కిటుకు. గిన్నె మాత్రం పాతది వాడండి, లేకపోతే ఇంట్లో మాట పడతారు.

చేయించే బల్ల: ఒక షీటు, మూడు పైపులు

ప్లైవుడ్ షీటు పూర్తి కొలత 8 అడుగులకు 4 అడుగులు, అంటే 2440కి 1220 మిల్లీమీటర్లు. పెద్ద బల్ల చవకగా రావాలంటే ఈ కొలతను గౌరవించాలి. ‘9 అడుగులు చేయించండి’ అని కార్యవర్గంలో ఎవరో ఒకరు అంటారు. ఆ ఒక్క అడుగు కోసం రెండో షీటు కొనాలి, మధ్యలో అతుకు వస్తుంది, మిగిలిన ముక్క అటకెక్కుతుంది.

షీటును మొత్తంగా ఒకే పలకగా వాడవచ్చు. కానీ అద్దె గదుల్లో ఉన్నవారికి నా సలహా వేరు. దాన్ని నిలువునా రెండుగా కోయించి, 8 అడుగులకు 2 అడుగుల బల్లలు రెండు చేయించండి. కలిపి వేస్తే పెద్ద బల్ల. విడదీసి వేస్తే పిల్లల క్లాసుకు రెండు వరుసలు. ఉగాది రోజున ఒకటి ప్రసాదాల దగ్గర, ఒకటి పుస్తకాల దగ్గర. ఖాళీ చేయాల్సి వస్తే ఒక్కోదాన్ని ఇద్దరు మోస్తారు. ఒకే పలకగా చేసిన బల్ల మొత్తం 65, 70 కిలోలు తూగుతుంది. ఇరుకు మెట్ల మలుపులో 4 అడుగుల వెడల్పు పలకను తిప్పిన వాళ్లకే తెలుస్తుంది ఆ కష్టం.

పలకకు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడాలి. కొట్లో 18 అని కూడా అంటారు. అది షీటు 35 కిలోల దరిదాపు ఉంటుంది. 12 మిల్లీమీటర్లది చవక గాని మోచేతి బరువుకే వంగుతుంది. 25 మిల్లీమీటర్లది మంచిదే గాని కింద ఇనుప చట్రం ఉన్నప్పుడు అవసరం లేదు. 19 మిల్లీమీటర్ల పలకను రెండున్నర అడుగులు దాటి ఆధారం లేకుండా వదిలితే కాలక్రమాన కుంగుతుంది. కాబట్టి చట్రం ముఖ్యం.

చట్రానికి ఒకటిన్నర అంగుళాల చదరపు ఇనుప పైపు, 2 మిల్లీమీటర్ల మందం. షాపులో 14 గేజి అని అడగండి. సన్నం పైపు వెల్డింగు దగ్గర కాలి చిల్లు పడుతుంది. పైపు 20 అడుగుల పొడవులో వస్తుంది, ఒక్కోటి 13, 14 కిలోలు. ఒక్కో బల్లకు 7 అడుగుల పొడవు పైపులు రెండు, అడ్డంగా 1 అడుగు 9 అంగుళాలవి మూడు, కాళ్లు నాలుగు. కాలి పొడవు 28.5 అంగుళాలు. పలక మందం, అడుగున రబ్బరు బుష్ కలిస్తే సరిగ్గా 75 సెంటీమీటర్లకు వస్తుంది. ఒక్కో బల్లకు దాదాపు 29 అడుగుల పైపు. రెండింటికీ మూడు పొడవులు సరిపోతాయి, తుంట మాత్రమే మిగులుతుంది.

అన్నీ వెల్డింగు చేసేయనివ్వకండి. ఒక్కో చివరా రెండు కాళ్లు, వాటి మధ్య అడ్డపైపు కలిపి ఒక ముక్కగా వెల్డింగు చేయించి, పొడవు పైపులను వాటికి నట్టు బోల్టులతో బిగించేలా పలకలు పెట్టమనండి. ప్రతి కీలు దగ్గరా రెండేసి బోల్టులు ఉండాలి, ఒక్కటే ఉంటే బల్ల ఊగుతుంది. పలకను చట్రం మీద పెట్టి కింది నుంచి స్క్రూలు వేయాలి. ఆ స్క్రూలు 19 మిల్లీమీటర్ల కన్నా లోపలికి దిగకూడదు. దిగితే పైన సన్‌మైకాలో పొక్కు లేస్తుంది. రెండు బల్లలు కలిపి ఉంచడానికి కింద తలుపులకు వేసే గొళ్లేలు రెండు పెట్టిస్తే చాలు. ఇనుముకు ముందు రెడాక్సైడు, ఆపైన ఎనామిల్ రంగు రెండు పూతలు. యానాం, చెన్నై, బరంపురం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో పైపు చివరలకు మూత వేయించడం మరచిపోవద్దు. తుప్పు లోపలినుంచే మొదలవుతుంది.

సన్‌మైకా విషయంలో మేం తప్పు చేశాం, మీరు చేయకండి. డబ్బు మిగులుతుందని పై వైపు మాత్రమే అతికించాం. ఆరు నెలల్లో పలక చివరలు పైకి లేచి పడవలా వంగింది. ఒకవైపు మూసి, రెండోవైపు తెరిచి ఉంచితే చెక్క చెమ్మను ఒకవైపే పీల్చుకుని వంగుతుంది. పైన 1 మిల్లీమీటరుది వేస్తే, అడుగున అంతకన్నా పల్చని చవక షీటైనా వేయాలి. దాన్ని కూడా కోయకముందే షీటు మొత్తానికి అతికించి బరువు పెట్టి రాత్రంతా ఉంచి, మర్నాడు కోయించాలి. రంగు మాట కొస్తే, నిగనిగలాడే తెలుపు వద్దు, ట్యూబులైటు కంట్లోకి కొడుతుంది. నలుపు వద్దు, దుమ్ము పండుతుంది. లేత బూడిదరంగు మ్యాట్ అయితే మరకలూ కనిపించవు, కాగితమూ జారదు. అంచుకు 2 మిల్లీమీటర్ల పట్టీ గాని, చెక్క బీడింగు గాని వేయించండి. చేతులు ఆనేది అక్కడే, ముందు చెడేదీ అదే.

బేరం ‘మొత్తం ఎంత’ అని అడగకండి. ప్లైవుడ్, సన్‌మైకా చదరపు అడుగు లెక్కన (షీటుకు 32 అడుగులు), ఇనుము కిలో లెక్కన, వడ్రంగి కూలి రోజు లెక్కన విడివిడిగా రాయించుకోండి. ఉదాహరణకు ప్లైవుడ్ అడుగు 100 రూపాయలు అనుకుంటే షీటు 3,200. ఇనుప పని కూలితో కలిపి కిలో 120 అనుకుంటే 40 కిలోలకు 4,800. ఇవి లెక్క చూపడానికి వేసిన అంకెలే, మీ ఊరి ధర పెట్టి మీరు గుణించుకోండి. ఇలా విడగొడితే ఎవరు ఎక్కడ ఎక్కువ వేస్తున్నారో కనిపిస్తుంది. ప్లైవుడ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. బిల్లు లేకుండా తగ్గిస్తామంటారు. సంఘం డబ్బుతో ఆ పని చేయకండి, ఆడిట్‌లో చూపడానికి కాగితం ఉండదు.

అంతకన్నా తక్కువలో: తలుపు పలక

ఇంకా చవకైన దారి ఫ్లష్ డోర్. 7 అడుగులకు 3 అడుగుల తలుపు, 30 మిల్లీమీటర్ల మందం, 30 కిలోల బరువు. దానికదే ఒక బల్ల పలక. లోపల గట్టి చెక్క నింపినది అడగండి, ఆ రకానికి ప్రమాణం ఐఎస్ 2202. బోలు తలుపు వద్దు. తాళం రంధ్రం కోయనిది, అంచు కొంచెం దెబ్బతిన్నది అయితే డిపోవాళ్లే తగ్గించి ఇస్తారు. కింద ‘ఏ’ అక్షరంలా విచ్చుకునే ఇనుప స్టాండ్లు రెండు, చివరలనుంచి ఒకటింపావు అడుగు లోపలికి పెట్టాలి. అలాంటి తలుపులు రెండు పొడవునా కలిపి వేస్తే 14 అడుగుల బల్ల. పొడవాటి హాలు ఉన్న సంఘాలకు ఇది బాగుంటుంది. పని అయ్యాక స్టాండ్లు మడిచి, తలుపులు గోడకు ఆనించి, చాపలు పరుచుకుని భజనకు కూర్చోవచ్చు.

భివండీలో ఉన్న మనవాళ్లకు మరో వెసులుబాటు ఉంది. అక్కడ గోదాములు విపరీతం, సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్లు పాతవి తేలిగ్గా దొరుకుతాయి. విదేశీ ప్యాలెట్ల మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, పిల్లలు కూర్చునే బల్లకు వద్దు. అయితే ప్యాలెట్ చెక్కలు విప్పి, మేకులు పీకి, చిత్రిక పట్టే కూలి కలిపితే చివరికి ప్లైవుడ్ కన్నా ఏమంత తక్కువ పడదు. వడ్రం పని తెలిసిన సభ్యుడు ఉంటేనే ఆ దారి పట్టండి.

గట్టి కలప కావాలంటే

టేకు గురించి చెప్పేదేమీ లేదు, అందరికీ తెలుసు, ధరా తెలుసు. దాని బదులు ఊరి కలప అడగండి. తమిళనాట వేప చెక్క బల్లలకు బాగా పనికొస్తుంది, పురుగు తక్కువ. కన్యాకుమారి, కేరళ వైపునుంచి వచ్చే రబ్బరు చెక్క నున్నగా, చవకగా ఉంటుంది. కానీ మందు పట్టించినదే కొనాలి, లేకపోతే పురుగు పొడి చేస్తుంది. కర్ణాటకలో కాఫీ తోటల నీడకు పెంచే సిల్వర్ ఓక్ తేలికైన కలప. బీడింగుకు, అరలకు సరే, పలకకు మెత్తన. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు సాలు కలప గట్టిదే. కానీ అది దూలాలకు, కాళ్లకు వాడే చెక్క. వెడల్పు పలకగా వేస్తే పగుళ్లిస్తుంది, బరువు కూడా చాలా ఎక్కువ. అక్కడ కలప కొన్నప్పుడు డిపో బిల్లు, రవాణా అనుమతి తప్పకుండా అడిగి తీసుకోండి. అడవి కలప అని చెక్‌పోస్టులో ఆపితే ‘సంఘం బల్లండీ’ అంటే వినరు. ఏ కలపైనా పూర్తిగా ఆరినదే కొనాలి. పచ్చి చెక్కతో బల్ల చేస్తే మొదటి వేసవిలోనే పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి.

సొంత భవనం ఉన్న సంఘాలకు ఒక మాట. ముంబయి, పుణే వంటగదుల్లో ‘కడప్పా’ అని పిలిచే నల్లరాయి మన కడప బండే. చవక, నీటికీ చెదలకూ భయం లేదు. ఇటుక గోడల మీద బండ పరిచి బల్ల కట్టుకోవచ్చు. 20 మిల్లీమీటర్ల మందంలో 8 అడుగులకు 4 అడుగులు అంటే 160 కిలోల వరకు ఉంటుంది. అంత వెడల్పు ఒకే బండగా దొరక్కపోవచ్చు, రెండు బండలు జతచేయాలి. ప్రతి 2 అడుగులకూ కింద ఆధారం ఉండాలి, లేకపోతే ఫెళ్లున విరుగుతుంది. ఒకసారి కట్టాక కదలదు. అద్దె గదిలో ఈ ఆలోచనే వద్దు.

వడ్రంగితో మాట

మన పిల్లలు చాలామందికి ‘వడ్రంగి’ అనే మాట తెలుసు గాని ఆ ఊళ్లో ఆ పనివాడిని అలా పిలిస్తే పలకడు. తమిళనాట ఆశారి, కర్ణాటకలో బడిగి, మహారాష్ట్రలో సుతార్, ఒడిశాలో బఢేయి. కొలతలకూ అంతే. తమిళ వడ్రంగి ‘ఆరు నూల్’ అంటాడు, మరాఠీ వాడు ‘సహా సూత్’ అంటాడు. రెండూ ఒకటే. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు, ఒక సూతు. ఆరు అంటే ముప్పావు అంగుళం, అంటే మన 19 మిల్లీమీటర్లు. ఇది తెలియక మా దగ్గర ఒకసారి ‘నాలుగు’కు సరే అని తల ఊపి వచ్చారు. 12 మిల్లీమీటర్ల షీటు వచ్చింది. బొమ్మ గీసి, కొలతలన్నీ మిల్లీమీటర్లలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. అడ్వాన్సు సామాను కొనడానికి సరిపోయేంతే ఇవ్వండి. మిగిలింది బల్ల గదిలో బిగించి, నాలుగు మూలలా ఒత్తి చూసి ఇవ్వండి.

కరెంటు తీగల గురించి కూడా అప్పుడే ఆలోచించాలి. బల్ల మధ్యలో రెండంగుళాల రంధ్రం ఒకటి వేయించి, ఎక్స్‌టెన్షన్ బోర్డును చట్రం కింద బిగిస్తే లాప్‌టాపుల తీగలు కాళ్లకు అడ్డం రావు. గోడనుంచి వచ్చే తీగ గోడవైపు చివరనుంచే రావాలి, నడిచే దారిలో కాదు. ఇనుప చట్రం కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, గోడ సాకెట్టులో ఎర్తింగు ఉన్నట్టు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం తప్పనిసరి. ఆ బోర్డు మీద టీ కెటిల్ పెట్టనివ్వకండి.

చివరగా లెక్కల సంగతి. బల్ల దాత ఒక్కరే అయితే పేరు పైన చెక్కించమంటారు. మా దగ్గర అదే వచ్చింది. పలక మీద చెక్కితే రాసే కాగితం కింద అక్షరాలు తగులుతాయని నచ్చజెప్పి, చట్రం పక్కన చిన్న ఇత్తడి రేకు మీద రాయించాం. పేరు ఎక్కడ ఉన్నా బల్ల సంఘానిదే అని తీర్మానం రాసి, స్టాకు రిజిస్టరులో తేదీ, బిల్లు నంబరు, కొలతలతో ఎక్కించండి. సంఘాలు చీలినప్పుడు, గదులు మారినప్పుడు కుర్చీలు ఎటు పోయాయో ఎవరికీ తెలియని సందర్భాలు చాలా చూశాం. మా రిజిస్టరులో రెండు బల్లలూ విడివిడిగా, ఒక్కోటి ఎన్ని బోల్టులతో సహా, రాసి ఉన్నాయి. బోల్టుల స్పానర్ కూడా చట్రానికే తాడుతో కట్టి ఉంచాం. మొన్న గది మారినప్పుడు విప్పడానికి అరగంట పట్టింది.